మూడో చెయ్యి లేకుండా డ్రమ్స్ ప్రోగ్రామ్ చేయడం ఎలా?

కంప్యూటర్లో నేను ప్రోగ్రామ్ చేసిన మొదటి డ్రమ్స్ ట్రాక్‌ని, నిజంగా డ్రమ్స్ వాయించే ఒక స్నేహితుడికి గర్వంగా వినిపించాను. వాడు పాట గురించి ఒక్క మాట కూడా అనలేదు. "నీ డ్రమ్మర్‌కి మొత్తం ఎన్ని చేతుల్రా?" అని మాత్రం అడిగాడు. చూసుకుంటే నిజమే. కోరస్ మొదట్లో స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్), హైహ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే తాళాల జత), క్రాష్ (పెద్ద తాళం), ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే డ్రమ్) నాలుగూ ఒకే క్షణంలో మోగుతున్నాయి. నాలుగూ చేతులతో కొట్టేవే.

ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్ బొమ్మలా వినిపించడానికి శాంపిల్స్ (రికార్డ్ చేసి పెట్టిన డ్రమ్ శబ్దాలు) బాగోలేకపోవడమే కారణం అనుకుంటాం. చాలాసార్లు అది కాదు. ఆ నోట్స్ వెనక ఒక శరీరం ఉందన్న సంగతి మనం మర్చిపోతాం, అంతే. అందుకే ఈ గైడ్‌లో ప్రతి మెట్టు దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకుందాం: ఈ దెబ్బ ఏ చేతిది, లేదా ఏ కాలిది?

కిట్ దగ్గర కూర్చున్న మనిషి

కుడిచేతివాటం డ్రమ్మర్ని ఊహించుకోండి. కుడికాలు కిక్ (పెద్ద డ్రమ్) పెడల్ మీద, ఎడమకాలు హైహ్యాట్ పెడల్ మీద ఉంటాయి. స్నేర్ రెండు మోకాళ్ల మధ్య ఉంటుంది. హైహ్యాట్ ఎడమవైపు ఉన్నా, దాన్ని వాయించేది మామూలుగా కుడిచెయ్యి. అది ఎడమచేతి మీదుగా దాటుకుంటూ వెళ్తుంది, కింద ఎడమచెయ్యి స్నేర్ చూసుకుంటుంది. చిన్న టామ్స్ ఎదురుగా, ఫ్లోర్ టామ్ కుడిపక్కన, రైడ్ (బీట్ నడిపే ఇంకో పెద్ద తాళం) కుడివైపు, క్రాష్ ఎడమవైపో రెండువైపులానో ఉంటాయి. ఎడమచేతివాటం వాళ్లకి ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

దీన్నిబట్టి తేలే లెక్క చిన్నదే. ఒక క్షణంలో చేతులతో కొట్టేవి రెండే దెబ్బలు. కాళ్లవి ఇంకో రెండు, అదీ కిక్, హైహ్యాట్ పెడల్ మాత్రమే. కుడిచెయ్యి క్రాష్ మీదకి వెళ్తే ఆ క్షణంలో హైహ్యాట్ ఆగుతుంది. రెండు చేతులూ టామ్స్ మీద ఉంటే హైహ్యాట్ నుంచి వినపడగలిగేది ఎడమకాలి 'చిక్' శబ్దం ఒక్కటే. ఈ లెక్క తప్పిన చోట వినేవాళ్లు కారణం చెప్పలేకపోయినా, ఏదో తేడాగా ఉందని పసిగట్టేస్తారు.

ముందు బల్ల మీద వాయించండి

సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు చేయాల్సిన పని ఇది. కుర్చీలో కూర్చుని కుడిచేతి వేళ్లతో బల్ల మీద, ఎడమచేత్తో తొడ మీద, కుడికాలితో నేల మీద దరువు వేయండి. వేగం తగ్గించి వేసినా పర్లేదు, చేతులు చిక్కుపడినా పర్లేదు. మీరు అనుకున్న బీట్‌లో ఎక్కడ చెయ్యి చాలదో, ఎక్కడ ఊపిరాడదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఏ దెబ్బలు గట్టిగా, ఏవి మెల్లగా పడ్డాయో తర్వాత గ్రిడ్ మీద పెట్టేటప్పుడు పనికొస్తుంది.

మొదటి బార్

టెంపో 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్లు) పెట్టుకోండి. ఒక బార్‌ని, అంటే నాలుగు బీట్ల ముక్కని, పదహారు గళ్లుగా చేయండి. ఒక్కో బీట్‌కి నాలుగు గళ్లు, నోటితో అంటే నాలుగుసార్లు "తకధిమి". సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే. ఉచితంగా దొరికే హైడ్రోజెన్ చాలు, ఈజీడ్రమ్మర్ లాంటిది ఉంటే శబ్దం వెంటనే బాగుంటుంది. చాలా డ్రమ్ కిట్లు జనరల్ మిడి పద్ధతినే (మిడి అంటే నోట్స్‌ని అంకెలుగా పంపే భాష) పాటిస్తాయి కాబట్టి ఈ నోట్ నంబర్లు గుర్తుంచుకుంటే సరిపోతుంది: కిక్ 36, సైడ్ స్టిక్ 37, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, పెడల్ హైహ్యాట్ 44, తెరిచిన హైహ్యాట్ 46, క్రాష్ 49, రైడ్ 51. పెద్ద శాంపిల్ లైబ్రరీలు అదనపు శబ్దాలకి సొంత నంబర్లు ఇస్తాయి. వాటి మ్యాప్ ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు నోట్స్ పెట్టండి:

హైహ్యాట్: 1, 3, 5, 7, 9, 11, 13, 15 గళ్లు (కుడిచెయ్యి)
స్నేర్: 5, 13 (ఎడమచెయ్యి)
కిక్: 1, 3, 11 (కుడికాలు)

ప్లే చేయండి. మెషిన్‌లాగే ఉంటుంది, ఉండాలి కూడా. అన్ని నోట్స్ ఒకే బలంతో గీత మీద కచ్చితంగా కూర్చున్నాయి. ఇక్కడి నుంచే అసలు పని మొదలు.

వెలాసిటీ: దెబ్బ బలం

మిడిలో ప్రతి నోట్‌కీ 1 నుంచి 127 దాకా వెలాసిటీ ఉంటుంది. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు అన్నిటినీ 127 దగ్గర పెట్టేయడం. మంచి శాంపిల్ లైబ్రరీల్లో వెలాసిటీ మారితే శబ్దం ఎక్కువ తక్కువలే కాదు, అసలు రికార్డింగే మారుతుంది. మెల్లగా కొట్టిన స్నేర్, గట్టిగా కొట్టిన స్నేర్ వేర్వేరు శాంపిల్స్. అన్నీ పైన పెడితే లైబ్రరీలో మిగతా శాంపిల్స్ అన్నీ వృథా.

హైహ్యాట్‌తో మొదలుపెట్టండి. ఎనిమిది దెబ్బల్లో బీట్ మీద పడేవాటిని (1, 5, 9, 13) 90 దగ్గర, మధ్యలో వాటిని (3, 7, 11, 15) 60 దగ్గర పెట్టండి. వెంటనే తేడా తెలుస్తుంది. దీని వెనక చేతి కదలిక ఉంది. డ్రమ్మర్ మణికట్టు కిందికి దిగేటప్పుడు స్టిక్ పక్కభాగం హైహ్యాట్ అంచుకి తగులుతుంది, పైకి లేచేటప్పుడు స్టిక్ మొన పైభాగానికి తాకుతుంది. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. ఒకే కదలికలో రెండు దెబ్బలు. లైబ్రరీలో అంచు శబ్దం, మొన శబ్దం విడిగా ఉంటే బలమైన దెబ్బలకి మొదటిది, మిగతావాటికి రెండోది వాడండి.

స్నేర్ 5, 13 గళ్లని 105 నుంచి 115 మధ్య ఉంచండి. రెండూ అచ్చంగా ఒకటే ఉండకూడదు, అలాగని బాగా తేడా ఉండకూడదు. వినేవాళ్లు అడుగువేసేది ఆ దెబ్బ మీదే. కిక్‌లో 1వ గడి 105, 3వ గడి 85, 11వ గడి 100 అనుకుందాం. పక్కపక్కన రెండు కిక్స్ ఉన్నప్పుడు కాలు రెండిటినీ ఒకే బలంతో కొట్టడం అరుదు. ఏది గట్టిగా ఉండాలో బీట్ చెబుతుంది. ఇక్కడ బార్ మొదటి దెబ్బ బలం, దాని తోక మెత్తన. అదే 16వ గడిలో కిక్ వచ్చి తర్వాతి బార్ 1వ గడిలోకి దూకితే, 16వది మెత్తగా, 1వది బలంగా ఉండాలి.

ఇప్పుడు ఘోస్ట్ నోట్స్

బీట్ ప్రాణం పోసుకునే చోటు ఇదేనని నా నమ్మకం. బలమైన స్నేర్ దెబ్బల మధ్య ఎడమచెయ్యి ఊరికే ఉండదు. స్టిక్‌ని చర్మానికి ఓ అంగుళం పైన ఉంచి, వినీవినపడనట్టు తాకుతూ ఉంటుంది. వీటినే ఘోస్ట్ నోట్స్ అంటారు. అమెరికన్ ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్, తన షఫుల్‌తో (ఊగుతూ నడిచే బీట్) పేరు తెచ్చుకున్న బెర్నార్డ్ పర్డీ, వీళ్ల గ్రూవ్‌ల్లో ఘోస్ట్ నోట్స్ తీసేస్తే మిగిలేది ఎముకల గూడే.

మన బార్‌లో 8, 10, 16 గళ్లలో స్నేర్ పెట్టి, వెలాసిటీ 25 నుంచి 40 మధ్య ఇవ్వండి. ఈ గళ్లు ఎందుకంటే, కుడిచెయ్యి బేసి గళ్లలో హైహ్యాట్ కొడుతోంది. ఎడమచెయ్యి సరి గళ్లలోని ఖాళీల్లో దూరుతోంది. 7, 8, 9, 10, 11 గళ్లలో చేతులు కుడి-ఎడమ-కుడి-ఎడమ-కుడి అని హాయిగా నడుస్తాయి. బల్ల మీద వేసి చూడండి, చేతికి సులువుగా వస్తుంది.

12వ గడిలో కూడా ఒకటి పెట్టాలనిపిస్తుంది. పెట్టొచ్చు, కానీ కష్టం చూడండి. 100 బీపీఎంలో ఒక గడి 150 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో అంగుళం ఎత్తులో ఉన్న ఎడమచెయ్యి పైకి లేచి, 13వ గడిలో గట్టి దెబ్బ కొట్టాలి. బాగా సాధన చేసినవాళ్లకి అది సునాయాసం. ఒక మోస్తరు డ్రమ్మర్ అయితే ఘోస్ట్ కొంచెం బలంగా పడుతుంది, లేదా తర్వాతి దెబ్బ కొంచెం తగ్గుతుంది. మీరు ఊహించుకున్న డ్రమ్మర్ ఏ స్థాయివాడో దాన్నిబట్టి నంబర్లు మార్చండి.

ఘోస్ట్ నోట్స్ సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పాటలో మిగతా వాయిద్యాలన్నీ మోగుతున్నప్పుడు అవి విడివిడిగా వినపడకూడదు. మ్యూట్ చేస్తే మాత్రం బీట్ చప్పబడిపోవాలి.

హైహ్యాట్ పెట్టే ముప్పుతిప్పలు

ప్రోగ్రామింగ్‌లో ఎక్కువ దొరికిపోయేది హైహ్యాట్ దగ్గరే. మొదటిది, తెరిచిన హైహ్యాట్‌ని మూసేది ఎడమకాలు. 15వ గడిలో తెరిచిన దెబ్బ పెడితే, తర్వాతి బార్ 1వ గడి దగ్గర ఆ మోత తెగిపోవాలి. లైబ్రరీలో 42, 44, 46 ఒకే చోక్ గ్రూప్‌లో (ఒకటి మోగగానే మిగతావాటి మోత ఆగే గుంపు) ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే మూసిన దెబ్బ పడ్డాక కూడా తెరిచిన మోత వెనక సాగుతూనే ఉంటుంది, రెండు హైహ్యాట్లు ఉన్నట్టు. మూసిన దెబ్బ అవసరం లేని చోట 44 పెట్టి మోత ఆపండి, అంటే కాలితో నొక్కినట్టు.

రెండోది, తెరవడం-మూయడం మధ్యలో చాలా మెట్లున్నాయి. బిగుతుగా, వదులుగా, పావు వంతు తెరిచి, సగం తెరిచి. చాలా లైబ్రరీలు దీన్ని సీసీ 4 అనే మిడి కంట్రోలర్‌తో నడుపుతాయి. కోరస్ వచ్చేముందు రెండు బార్లలో పెడల్‌ని కొంచెం కొంచెంగా వదులు చేస్తే, ఒక్క నోట్ అదనంగా చేర్చకుండానే ఊపు పెరుగుతుంది.

మూడోది వేగం. హైహ్యాట్ మీద పదహారు గళ్లూ నింపాలనుకుంటే 100 బీపీఎం దాకా ఒక్క కుడిచేత్తో లాగొచ్చు. వేగం ఇంకా పెరిగితే డ్రమ్మర్లు ఎక్కువగా రెండు చేతులతో కుడి-ఎడమ-కుడి-ఎడమ అని వాయిస్తారు. అప్పుడు 5, 13 గళ్లలో స్నేర్ కొట్టేది కుడిచెయ్యి. అది హైహ్యాట్ వదిలి స్నేర్ మీదకి దిగుతుంది. అంటే ఆ రెండు గళ్లలో హైహ్యాట్ నోట్ ఉండదు! నేను ఏళ్ల తరబడి ఈ రెండు నోట్స్ తీయకుండా వదిలేశాను. తీసేసిన రోజున పాత ట్రాక్‌లన్నీ మళ్లీ తెరిచి సరిచేసుకున్నాను.

గీత తప్పడం, కానీ పద్ధతిగా

చాలా సాఫ్ట్‌వేర్లలో హ్యూమనైజ్ అని ఒక బటన్ ఉంటుంది. అది నోట్స్‌ని ఇష్టమొచ్చినట్టు ముందుకీ వెనక్కీ జరుపుతుంది. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. మంచి డ్రమ్మర్ తప్పులు అలా గాలివాటంగా ఉండవు. వాటికొక అలవాటు ఉంటుంది. కొందరు స్నేర్‌ని ప్రతిసారీ వెంట్రుకవాసి ఆలస్యంగా వేస్తారు, బీట్ తీరిగ్గా వెనక్కి వాలి కూర్చున్నట్టు ఉంటుంది. కొందరు హైహ్యాట్‌ని ముందుకు తోస్తారు, పాట పరిగెడుతున్నట్టు ఉంటుంది. గ్రూవ్ అంటే ఒకే దిక్కుగా పదే పదే జరిగే ఆ చిన్న తేడాయే.

లెక్క చూద్దాం. చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక బీట్‌ని 480 లేదా 960 టిక్స్‌గా విడగొడతారు. 480 అయితే, 100 బీపీఎంలో బీట్ 600 మిల్లీసెకన్లు కాబట్టి ఒక టిక్ 1.25 మిల్లీసెకన్లు. 5, 13 గళ్ల స్నేర్‌ని 8 టిక్స్ వెనక్కి జరిపితే 10 మిల్లీసెకన్ల ఆలస్యం. కిక్‌ని కదపకండి, హైహ్యాట్‌ని 2 నుంచి 4 టిక్స్ లోపు అటూ ఇటూ ఉంచండి. ఇది ప్రతి బార్‌లోనూ అలాగే సాగాలి. స్నేర్‌ని 25, 30 మిల్లీసెకన్ల దాకా లాగితే తీరిక కాస్తా తూలుడుగా మారే ప్రమాదం ఉంది. చెవితో చూసుకుని ఆపండి.

స్వింగ్ వేరే సంగతి. 1980లో వచ్చిన లిన్ ఎల్ఎం-1 డ్రమ్ మెషిన్‌తో రోజర్ లిన్ దీన్ని యంత్రాల్లోకి తెచ్చాడు. ఆయన రూపకల్పనలో 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ60తో అది శాతాల లెక్కగా స్థిరపడింది. రెండేసి గళ్లని ఒక జతగా తీసుకుని రెండో గడిని ఆలస్యం చేయడమే పని. 50 శాతం అంటే తిన్నగా, దాదాపు 67 అంటే పూర్తి ట్రిప్లెట్, నోటితో "తకిట"లో మధ్య అక్షరం మింగేసినట్టు. 100 బీపీఎంలో ఒక జత 300 మిల్లీసెకన్లు. స్వింగ్ 54 పెడితే రెండో గడి 12 మిల్లీసెకన్లు, 58 పెడితే 24 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. మన బార్‌లో సరి గళ్లలో ఉన్నవి ఘోస్ట్ నోట్స్ మాత్రమే కాబట్టి స్వింగ్ వాటికే తగులుతుంది. 56 దగ్గర పెట్టి వినండి, చిన్నగా తల ఊగుతుంది.

మిడి కీబోర్డ్ గానీ ప్యాడ్స్ గానీ ఉంటే వేళ్లతో వాయించి రికార్డ్ చేయడం ఇంకా మంచి దారి. తర్వాత క్వాంటైజ్‌ని (నోట్స్‌ని గీత మీదకి లాగే సదుపాయం) నూరు శాతం కాకుండా 60 నుంచి 80 మధ్య ఇవ్వండి. తప్పులు సర్దుకుంటాయి, మీ చేతి అలవాటు మిగులుతుంది.

స్టిక్ చేసే పనులు

స్నేర్ మీద ఒక్కో దెబ్బకి ఒక్కో పేరుంది. ఇవి తెలిస్తే లైబ్రరీలో ఏ నోట్ ఎందుకుందో అర్థమవుతుంది.

రిమ్‌షాట్ అంటే స్టిక్ చర్మానికీ, ఇనుప అంచుకీ ఒకేసారి తగలడం. పదునుగా పగిలినట్టు వస్తుంది. క్రాస్ స్టిక్ (పైన 37 దగ్గర చెప్పిన సైడ్ స్టిక్ ఇదే) దీనికి పూర్తిగా వేరు. స్టిక్‌ని చర్మం మీద అడ్డంగా పడుకోబెట్టి, అరచెయ్యి ఆనించి, ఒక కొసతో అంచుని 'టక్'మని కొట్టడం. నెమ్మది పాటల్లో వినిపించేది ఇదే. చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. ఎడమచెయ్యి క్రాస్ స్టిక్‌లో ఉన్నప్పుడు చర్మం మీద పడుకుని ఉంటుంది, కాబట్టి ఆ బార్‌లో మామూలు ఘోస్ట్ నోట్స్ పెట్టకూడదు.

ఫ్లామ్‌లో ఒక చెయ్యి మెల్లగా, ఇంకో చెయ్యి గట్టిగా, దాదాపు ఒకేసారి పడతాయి. దీనికోసం అసలు నోట్‌కి 20 నుంచి 35 మిల్లీసెకన్ల ముందు 40, 50 వెలాసిటీతో చిన్న నోట్ పెట్టండి. గట్టి దెబ్బ గీత మీద ఉండాలి, చిన్నది ముందుండాలి. తిరగేస్తే బీట్ ఆలస్యమైనట్టు వినిపిస్తుంది. డ్రాగ్‌లో ఆ చిన్న నోట్ ఒకటికి బదులు రెండు, ఒకే చేతి స్టిక్ ఎగిరి పడటం వల్ల వచ్చేవి.

రోల్స్‌ని (ఆగకుండా గబగబా పడే దెబ్బల వరస) 32వ వంతు నోట్స్‌తో, అంటే గడికి రెండు చొప్పున, సమానంగా నింపితే కుట్టు మిషన్‌లా ఉంటుంది. సింగిల్ స్ట్రోక్ అయితే కుడి-ఎడమ-కుడి-ఎడమ. కుడిచెయ్యి ఒకింత బలంగా ఉన్నట్టు 80, 72, 82, 70 అని ఇవ్వండి. డబుల్ స్ట్రోక్ అయితే కుడి-కుడి-ఎడమ-ఎడమ. ప్రతి జతలో రెండోది స్టిక్ తిరిగి ఎగరడంతో వచ్చేది కాబట్టి కొంచెం తక్కువ. పారడిడిల్ అంటే కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ. కుడిచేతి దెబ్బలు హైహ్యాట్‌కి, ఎడమచేతివి స్నేర్‌కి ఇచ్చి, స్నేర్‌లో 5, 13 తప్ప మిగతావాటిని ఘోస్ట్‌గా చేసి చూడండి. మామూలు వరసలో 5వ గడీ, 13వ గడీ రెండూ ఎడమచేతికే వస్తాయి కాబట్టి రెండో, నాలుగో బీట్ల మీద స్నేర్ తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. ఈ పాత పాఠాన్ని డ్రమ్మర్లు ఎందుకు వదలరో అప్పుడు అర్థమవుతుంది. డ్రమ్మర్ల సంఘమైన పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ జాబితాలో ఇలాంటి రుడిమెంట్స్ (చేతుల సాధన పాఠాలు) 40 ఉన్నాయి. ప్రోగ్రామింగ్‌కి నాలుగైదు తెలిస్తే చాలు.

ఫిల్: చేతులు ప్రయాణం చేస్తాయి

నాలుగో బార్ చివరి బీట్‌లో ఒక చిన్న ఫిల్ (మామూలు బీట్ ఆపి, తర్వాతి భాగంలోకి తీసుకెళ్లే దరువు) వేద్దాం. 13, 14 గళ్లు స్నేర్, 15 చిన్న టామ్, 16 ఫ్లోర్ టామ్. చేతులు కుడి, ఎడమ, కుడి, ఎడమ. ముందు ఆ నాలుగు గళ్లలో హైహ్యాట్‌నీ, పాత ఘోస్ట్ నోట్‌నీ తీసేయండి. ఐదో బార్ 1వ గడిలో క్రాష్, దాని కింద కిక్ పెట్టండి. ఫ్లోర్ టామ్ కొట్టింది ఎడమచెయ్యి కాబట్టి కుడిచెయ్యి ఖాళీగా క్రాష్ వైపు వెళ్లగలదు. కానీ ఎడమచెయ్యి ఫ్లోర్ టామ్ దాకా చాచాలి, కాబట్టి 16వ గడి దెబ్బని కొంచెం తగ్గించండి, 95 అనుకోండి. క్రాష్ దెబ్బ పడ్డాక కుడిచెయ్యి తిరిగి హైహ్యాట్ మీదకి రావాలి. అందుకే ఐదో బార్‌లో 1వ గడిలో హైహ్యాట్ ఉండదు, 3 నుంచి మొదలవుతుంది.

క్రాష్ కింద కిక్ గానీ స్నేర్ గానీ లేకుండా పెట్టడం చాలా అరుదు. ఒంటరి క్రాష్ బరువు లేకుండా తేలిపోతుంది.

ఫిల్‌లో వెలాసిటీ మెట్లు మెట్లుగా పెరిగితే ఊపొస్తుంది. సమయం కూడా కొంచెం ముందుకు తోసుకురావచ్చు, మనుషులు ఫిల్స్‌లో తొందరపడతారు. ఇంకో మాట, ప్రతి నాలుగు బార్లకీ ఒక పెద్ద ఫిల్ పెట్టాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. అనుభవమున్న డ్రమ్మర్లు చాలాచోట్ల ఒక తెరిచిన హైహ్యాట్‌తోనో, ఒక కిక్ తీసేసో సరిపెడతారు.

పాట మొత్తానికి

ఒక బార్ తయారయ్యాక దాన్ని అలాగే అరవైసార్లు అతికించకండి. రెండు బార్ల వాక్యంగా ఆలోచించండి: మొదటి బార్ అలాగే, రెండో బార్‌లో ఒక కిక్ జాగా మారడం. ఎనిమిది బార్లకి ఒక చిన్న మలుపు. చరణంలో బిగించిన హైహ్యాట్, కోరస్‌లో సగం తెరిచిన హైహ్యాట్ లేదా రైడ్. రైడ్‌కి వెళ్తే ఎడమకాలు రెండో, నాలుగో బీట్ల మీద 44 నొక్కొచ్చు. కోరస్‌లో టెంపో ఒకటి రెండు బీపీఎం పెంచడం కూడా చాలామంది చేసే పనే. డ్రమ్స్ ఒక్కటే కాక మిగతా వాయిద్యాలు కూడా దాన్ని అనుసరించాలి కాబట్టి ముందే నిర్ణయించుకోండి.

కిక్ విషయంలో ఒక హద్దు. 180 బీపీఎంలో పదహారు గళ్లూ కిక్‌తో నింపితే ఒక్కో దెబ్బకి 83 మిల్లీసెకన్లు. అది డబుల్ పెడల్ పని. అప్పుడు ఎడమకాలు కూడా కిక్ మీదే ఉంటుంది, హైహ్యాట్ పెడల్ నొక్కడానికి కాలు మిగలదు.

శబ్దం

ఒకే శాంపిల్ వెంటవెంటనే మోగితే మెషిన్‌గన్ మోత వస్తుంది. రౌండ్ రాబిన్ ఉన్న లైబ్రరీ ఎంచుకోండి, అది ప్రతి దెబ్బకీ వేరే రికార్డింగ్ తీస్తుంది. ఉన్న కిట్‌లో ఆ సదుపాయం లేకపోతే, పక్కపక్క నోట్స్‌కి వెలాసిటీ మూడు నాలుగు అంకెలు మార్చి కొంత నెట్టుకురావచ్చు. కిక్, స్నేర్ మధ్యలో, హైహ్యాట్ కాస్త ఓ పక్కకి, టామ్స్ అటూ ఇటూ మరీ చివరలకి కాకుండా. డ్రమ్మర్ వైపు నుంచి వింటున్నామా, ప్రేక్షకుల వైపు నుంచా అన్నది ఒకటే పెట్టుకుని, పాటంతా దానికే కట్టుబడండి. గది మైకు శబ్దం లైబ్రరీలో ఉంటే కొద్దిగా కలపండి. విడివిడి శాంపిల్స్ ఒకే గదిలో కూర్చున్నట్టు అవుతాయి.

చివరిగా, ట్రాక్ పూర్తయిందనుకున్నాక పియానో రోల్‌ని (నోట్స్ గళ్ల మీద కనిపించే తెర) బార్ బార్‌కీ నెమ్మదిగా జరుపుతూ, నిలువుగా ఒకే గీత మీద ఉన్న నోట్స్ లెక్కపెట్టండి. కిక్, హైహ్యాట్ పెడల్ పక్కన పెట్టాక ఎక్కడైనా మూడు కనిపిస్తే ఆగి, ఏ చెయ్యి దేన్ని వదిలేయాలో తేల్చుకోండి. మూడు నిమిషాల పాటకి ఇది పావుగంట పని.